ఐటీఐ సర్టిఫికెట్ మీద 'లెవెల్ 4' అని ఉంది, అంటే ఇంటర్ పాసైనట్టేనా?

తమ్ముడికోసం

అందరికీ నమస్కారం. మా తమ్ముడు పది పాసయ్యాక రెండేళ్లు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాడు. మొన్న డిజీలాకర్‌లోంచి సర్టిఫికెట్ తీసి ప్రింట్ వేయించాం. 'నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్' అని ఉంది, వాడి ఫొటో ఉంది, క్యూఆర్ కోడ్ ఉంది. ట్రేడ్ పేరు దగ్గర 'ఎన్‌ఎస్‌క్యూఎఫ్ లెవెల్ 4' అని కూడా ఉంది. అదేంటో చూద్దామని నెట్‌లో వెతికితే పన్నెండో తరగతి కూడా లెవెల్ 4 అని కనిపించింది.

అప్పటినుంచి ఇంట్లో ఇదే గొడవ. "రెండూ నాలుగే అయినప్పుడు వాడు ఇంటర్ పాసైనట్టే కదా, డిగ్రీలో చేర్పించు" అని నాన్న. సరే అని ఒక కాలేజీకి వెళ్తే, కౌంటర్‌లో ఉన్నాయన సర్టిఫికెట్ ముందూ వెనకా తిప్పి చూసి "ఇంటర్ మెమో ఏది బాబూ?" అని అడిగి తిరిగిచ్చేశాడు. తమ్ముడు ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. నేను చదివింది పదో తరగతి వరకే, వాడికి ఏం చెప్పాలో తెలియట్లేదు. ఆ లెవెల్ అంటే ఏంటి? ఎవరు ఇస్తారు? దేనికి పనికొస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఫైలింగ్‌మాస్టర్

బాబూ, ముప్పై ఏళ్లు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైన మనిషిని. మీ తమ్ముడిలాంటి పిల్లలు ఏటా వచ్చి నన్ను ఇదే అడిగేవాళ్లు. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట. మీ తమ్ముడు తక్కువ చదువు చదవలేదు. ఇంటర్ పిల్లవాడు ఎంత ఎత్తు ఎక్కాడో మీవాడూ అంతే ఎత్తు ఎక్కాడు. కాకపోతే వాళ్లిద్దరూ ఎక్కిన మేడలు వేరు. నాలుగో మెట్టు రెండు మేడల్లోనూ ఒకే ఎత్తులో ఉంటుంది. ఇటునుంచి అటు దాటాలంటే మధ్యలో బల్ల వేసుకోవాలి. కౌంటర్‌లో ఆయన అడిగింది ఆ బల్ల గురించి, పాపం ఆయనకీ చెప్పడం రాలేదు.

ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అంటే జాతీయ నైపుణ్య అర్హతల చట్రం. కేంద్ర ప్రభుత్వం 2013 డిసెంబరులో నోటిఫై చేసింది. అంతకుముందు ఎవరి సర్టిఫికెట్ వాళ్లది. ఒక శాఖ ఆరు నెలల కోర్సు పెట్టి డిప్లొమా అనేది, ఇంకో శాఖ ఏడాది కోర్సును కూడా ఉత్త సర్టిఫికెట్ అనేది. యజమానికి పేరు చూస్తే ఏమీ అర్థమయ్యేది కాదు. అందుకని కోర్సు పేరు, ఎన్ని నెలలు అన్నవి పక్కన పెట్టి, 'ఇది చదివినవాడు బయటికొచ్చాక ఏం చేయగలడు' అన్నదాన్ని బట్టి ప్రతి కోర్సునీ ఒక మెట్టు మీద కూర్చోబెట్టారు. ఆ మెట్టే లెవెల్.

ఇది మీకు సులువుగా అర్థం కావాలంటే ఇల్లు వైరింగ్ జరిగే చోట నిలబడి చూడండి. గోడ మీద గీసిన గీత వెంబడి గాడి కొట్టేవాడు, పైపులు అందించేవాడు ఉంటాడు. పక్కన ఒకరు నిలబడి చెబుతుంటే చేస్తాడు. అది కింది మెట్లు, ఒకటీ రెండూ. పైపుల్లోంచి వైరు లాగి, రంగుల ప్రకారం విడదీసి, బోర్డు దాకా తెచ్చి వదిలేవాడు మూడో మెట్టు. వాడి పనిని ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. డిస్ట్రిబ్యూషన్ బాక్స్ విప్పి, ఎంసీబీలు బిగించి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో మీటరు పెట్టి తనే చూసుకుని, 'ఇక స్విచ్ వేయండి' అని ధైర్యంగా చెప్పేవాడు నాలుగో మెట్టు. తన పనికి తనే జవాబుదారీ. అదే సైట్‌లో ఇంకో ఇద్దరి పని కూడా చూస్తూ, డ్రాయింగ్‌లో లేని చిక్కు వస్తే దారి వెతికేవాడు ఐదో మెట్టు. ఈ తేడాలన్నీ ఆ చట్రంలో రాసి ఉంటాయి. ఎంత జ్ఞానం, ఎంత చేతిపని, ఎంత బాధ్యత అని. అందులో అసలు కీలకం బాధ్యతే అని నా అభిప్రాయం.

మీ తమ్ముడు 'స్విచ్ వేయండి' అని చెప్పే మెట్టు మీద ఉన్నాడు. ముందు ఆ మాట వాడికి చెప్పండి.

తమ్ముడికోసం

మాస్టారూ, మీరు రాసింది చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత వాడి మొహంలో కాస్త వెలుగు కనిపించింది. థ్యాంక్సండి. మరి ఆ బల్ల ఎక్కడ దొరుకుతుంది?

బ్రిడ్జ్_దాటినోడు

అన్నా, ఆ బల్ల మీద నడిచినవాణ్ని నేను, చెప్తా. ఐటీఐ ఫిట్టర్, ఆ తర్వాత పాలిటెక్నిక్ డిప్లొమా, ఆ తర్వాత బీటెక్. ఇంటర్ మెమో ఈ రోజుకీ నా దగ్గర లేదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. దానికి ఎల్‌పీసెట్ అనే ఎంట్రన్స్ ఉంది. ముందు బ్రిడ్జ్ కోర్సు ఉంటుంది. డిప్లొమా మొదటి ఏడాదిలో పిల్లలు చదివే లెక్కలు, ఫిజిక్స్ మనం ఐటీఐలో చదవం కదా, ఆ లోటు పూడ్చడానికే అది. మార్కుల షరతు ఉంటుంది, సాంకేతిక విద్యా మండలి నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకోండి. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ఇంకో ఎంట్రన్స్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. నేను వెళ్లిన దారి ఇదే.

ఇంకో దారి కూడా ఉంది. మీ తమ్ముడికి బీఏ, బీకామ్ లాంటి మామూలు డిగ్రీయే కావాలంటే ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. ఐటీఐ ట్రేడ్‌లో చదివినదాన్ని లెక్కలోకి తీసుకుని, భాషా పేపరుతో పాటు వాళ్లు చెప్పిన సబ్జెక్టు రాయించి పన్నెండో తరగతి సర్టిఫికెట్ ఇస్తారు. దీని కోసం నైపుణ్యాల శాఖ, ఎన్ఐఓఎస్ కలిసి 2016లో ఒప్పందం చేసుకున్నాయి. అన్ని సబ్జెక్టులూ మళ్లీ చదవక్కర్లేదు. ఎనిమిదితో ఐటీఐలో చేరినవాళ్లకు పదో తరగతి సర్టిఫికెట్ కోసం కూడా ఇలాంటిదే ఉంది.

అంటే కాలేజీలో అడిగింది ఆ కాగితం అన్నమాట. లెవెల్ 4 అని చూపిస్తే కుదరదు, బోర్డు ఇచ్చిన పన్నెండో తరగతి సర్టిఫికెట్ కావాలి.

నిజంచెప్తా

ఇదంతా వినడానికి బాగుంది కానీ నాకో సందేహం. మా అన్నయ్య కూడా ఎలక్ట్రీషియనే. 2019లో పాసయ్యాడు. ఆ సిలబస్ పుస్తకం అట్ట మీద 'లెవెల్ 5' అని స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఈ తమ్ముడిది లెవెల్ 4 అంటున్నారు. అదే ట్రేడు, అదే రెండేళ్లు. నాలుగైదేళ్లలో ట్రేడ్ విలువ పడిపోయిందా? ఇలా ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటూ పోతే ఇక ఆ అంకెకి విలువేముంది?

ఫైలింగ్‌మాస్టర్

చాలా మంచి ప్రశ్న. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్లమే దీంతో తికమకపడ్డాం.

విలువ పడిపోలేదు, కొలిచే బద్ద మారింది. 2013లో పెట్టిన చట్రంలో పది మెట్లుండేవి. మా ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి రెండేళ్ల ట్రేడ్లని అందులో ఐదో మెట్టు మీద పెట్టారు. తర్వాత బడి చదువు, కాలేజీ చదువు, వృత్తి చదువు మూడింటినీ ఒకే బద్ద మీద కొలవాలని 2023 ఏప్రిల్‌లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చారు. అదే ఏడాది ఎన్‌ఎస్‌క్యూఎఫ్‌ని కూడా ఎనిమిది మెట్లకు కుదించారు. మధ్యలో అర మెట్లు కూడా పెట్టారు, రెండున్నర, మూడున్నర, నాలుగున్నర అని. పాత బద్ద మీద ఐదు దగ్గర ఉన్నది కొత్త బద్ద మీద నాలుగు దగ్గరికి వచ్చింది.

అంగుళాల్లో కొలిచినదాన్ని సెంటీమీటర్లలో చెబితే అంకె మారుతుంది కానీ ఇనుప ముక్క పొడుగు మారదు కదా. మీ అన్నయ్యా, ఈ తమ్ముడూ ఒకే మెట్టు. ఎవరైనా యజమాని 'ఐదు వాడు ఎక్కువ, నాలుగు వాడు తక్కువ' అంటే, సర్టిఫికెట్ ఏ ఏడాదిదో చూడమని చెప్పండి. ఇది అందరికీ తెలిసేలా గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ విషయంలో మీ కోపం న్యాయమే.

డిగ్రీ_లెక్చరర్

కాలేజీ వైపు నుంచి నేను చెబుతాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను, అడ్మిషన్ల సీజన్లో కౌంటర్ వెనక కూర్చునేదీ నేనే. ముందుగా, మీ తమ్ముణ్ని అలా పంపించేసిన పద్ధతి నాకు బాధ కలిగించింది. 'ఎన్ఐఓఎస్‌లో రాసుకుని రా బాబూ' అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

మాస్టారు చెప్పిన క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో మెట్లు ఇలా పడతాయి: ఐదో తరగతి 1, ఎనిమిదో తరగతి 2, పది 3, పన్నెండు 4. డిగ్రీ మొదటి ఏడాది పూర్తి చేస్తే నాలుగున్నర, రెండో ఏడాది 5, మూడేళ్ల డిగ్రీ ఐదున్నర, నాలుగేళ్ల ఆనర్స్ 6, పీజీ 7, పీహెచ్‌డీ 8.

అయితే లెవెల్, క్రెడిట్ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. మా స్టాఫ్‌రూమ్‌లో కూడా అనుకుంటారు. ఆ రెండూ వేరు. లెవెల్ అంటే ఎంత ఎత్తు, క్రెడిట్ అంటే ఆ ఎత్తులో ఎంత సేపు కష్టపడ్డావు. ముప్పై గంటల చదువుకి ఒక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. బడి అయినా, కాలేజీ అయినా, ఐటీఐ అయినా లెక్క ఇదే. క్లాసులో కూర్చున్న గంటలు మాత్రమే కాదు, ప్రాక్టికల్, ప్రాజెక్టు, ఇంట్లో రాసుకున్నది, పరీక్ష, అన్నీ ఇందులోకే వస్తాయి. మాస్టారూ, మీ ట్రేడ్ గంటలు దీనికి సరిపోతాయా?

ఫైలింగ్‌మాస్టర్

సరిగ్గా సరిపోతాయి మేడమ్. 2022లో సిలబస్ సవరించినప్పుడు ఏడాదికి 1200 గంటలు చేశారు. మొదటి ఏడాది లెక్క నాకు నోటికొచ్చు: చేతిపని 840, థియరీ 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ 120. కలిపితే 1200, ముప్పైతో భాగిస్తే మీ 40 క్రెడిట్లు.

ఆ 840 గంటలంటే ఏంటో కూడా చెప్పనివ్వండి. ఫిట్టర్ పిల్లవాడి చేతికి మొదటి వారాల్లో ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇస్తాం. అంచు చదునుగా రాయమంటాం. వాడు రాసి తెస్తాడు. ట్రై స్క్వేర్, అంటే మూలమట్టం, ఆనించి కిటికీ వెలుగుకెత్తి చూస్తే మధ్యలోంచి సన్నగా వెలుతురు కనబడుతుంది. 'మళ్లీ రాయి' అంటాం. మళ్లీ తెస్తాడు. ఈసారి ఒక మూలన వెలుతురు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఒక రోజున ఎత్తి చూస్తే ఎక్కడా వెలుతురు ఉండదు. ఆ రోజు ఆ పిల్లవాడి ముఖం చూడాలి. పన్నెండో తరగతిలో లెక్కల పేపరు రాయడానికి ఎంత శ్రద్ధ కావాలో దీనికీ అంతే శ్రద్ధ కావాలి. రెండింటినీ ఒకే మెట్టు మీద పెట్టడం సరైన పని అని మనస్ఫూర్తిగా నమ్ముతాను.

డిగ్రీ_లెక్చరర్

చదువుతుంటే కళ్లకు కట్టినట్టుంది మాస్టారూ.

క్రెడిట్ల సంగతి కాస్త పూర్తి చేస్తాను. ఈ క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని ఉంది, యూజీసీ 2021లో నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యార్థికీ పన్నెండంకెల నంబరు ఉంటుంది, ఇప్పుడు 'అపార్' అంటున్నది ఇదే. పాసైన పేపర్ల క్రెడిట్లు ఆ ఖాతాలో జమవుతాయి, ఏడేళ్ల వరకు చెల్లుతాయి. డిగ్రీ మధ్యలో మానేసినా చదివినది పోదు. 40 క్రెడిట్లతో ఏడాది తర్వాత బయటికొస్తే సర్టిఫికెట్, 80కి డిప్లొమా, 120కి మూడేళ్ల డిగ్రీ, 160కి నాలుగేళ్ల డిగ్రీ. మొదటి రెండు చోట్ల ఆగాలంటే వేసవిలో పనికి సంబంధించిన నాలుగు క్రెడిట్ల కోర్సు కూడా చేయాలి. మూడేళ్ల లోపు తిరిగొచ్చి ఆపిన చోటినుంచి కొనసాగించొచ్చు.

పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడపిల్లలకి ఇది ఎంత ఊరటో నేను కళ్లారా చూస్తున్నాను. అందుకే మా క్లాసులో ప్రతి ఒక్కరితో ఖాతా తెరిపించాను.

అయితే జాగ్రత్త. బ్యాంకులో క్రెడిట్లున్నంత మాత్రాన ఏ కాలేజీ అయినా తీసుకుని తీరాలని లేదు. చేర్చుకునే యూనివర్సిటీ తన కోర్సుకి అవి సరిపోతాయా అని చూస్తుంది. ఎలక్ట్రీషియన్ క్రెడిట్లు తెచ్చి చరిత్ర డిగ్రీలో కలపమంటే ఎవరూ కలపరు.

కుట్టుమిషన్_లక్ష్మి

నమస్తే అండీ. మధ్యలో వచ్చి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాది ఎనిమిదో తరగతి. పదహారేళ్లుగా బట్టలు కుడుతున్నాను. జాకెట్లు, పంజాబీ డ్రస్సులు, స్కూల్ యూనిఫాంలు అన్నీ. నేనే నలుగురు అమ్మాయిలకి నేర్పాను. ఒక కుట్టు సెంటర్‌లో టీచర్ కావాలంటే వెళ్లాను, 'సర్టిఫికెట్ ఉందా' అన్నారు. నేను నేర్పిన అమ్మాయే సర్టిఫికెట్ కోర్సు చేసి అక్కడ టీచరుగా చేరింది. ఆమె మీద నాకేం కోపం లేదు. కానీ నా పదహారేళ్లకి ఏ మెట్టూ లేదా?

ఫైలింగ్‌మాస్టర్

ఉందమ్మా, తప్పకుండా ఉంది. ఈ చట్రం మొత్తంలో నాకు బాగా నచ్చేది మీలాంటివాళ్ల కోసం పెట్టిన ఆర్‌పీఎల్. ముందే నేర్చుకున్న పనిని గుర్తించడం అని అర్థం. ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడగరు. చేసి చూపించమంటారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం.

ఇక్కడ ఎవరు ఏం చేస్తారో తెలిస్తే మీకు తికమక ఉండదు. అన్నిటికీ పైన ఎన్‌సీవీఈటీ అనే వృత్తి విద్య, శిక్షణల జాతీయ మండలి ఉంది. 2018 డిసెంబరులో నోటిఫై చేశారు, 2020 ఆగస్టు నుంచి పని చేస్తోంది. 1956 నుంచి ఉన్న పాత వృత్తి శిక్షణ మండలి ఎన్‌సీవీటీ నియంత్రణ బాధ్యతలు కూడా దీని కిందికే వచ్చాయి. ఇది పాఠాలు చెప్పదు, పరీక్ష పెట్టదు. ఎవరు సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, ఎవరు పరీక్షించొచ్చు అన్నది తేల్చి గుర్తింపు ఇస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లని అవార్డింగ్ బాడీలు అంటారు. ఐటీఐలకి డీజీటీ, అంటే కేంద్రంలోని శిక్షణ డైరెక్టరేట్, అలాంటిదే. బట్టల కుట్టు, బ్యూటీ, నిర్మాణం లాంటి రంగాలకి సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లు ఉన్నాయి. నేర్పేవాళ్లు వేరు, పరీక్షించేవాళ్లు వేరు. తన విద్యార్థికి తనే మార్కులు వేసుకోకుండా ఈ ఏర్పాటు.

మీ పనికి దగ్గరగా ఉండేది 'సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్' అనే జాబ్ రోల్. ప్రతి రోల్‌కీ ఒక క్వాలిఫికేషన్ ప్యాక్ ఉంటుంది. అందులో ఏ పని ఏ ప్రమాణంలో చేయాలో ముక్కలు ముక్కలుగా రాసి ఉంటుంది: కొలతలు తీసుకోవడం, గుడ్డ కత్తిరించడం, కుట్టడం, మిషన్ దగ్గర భద్రత, గిరాకీతో మాట్లాడే తీరు. ఆ కాగితం తెచ్చుకుని చదవండి. మీరు రోజూ చేసేదే అందులో ఉందని మీకే అర్థమవుతుంది.

బ్రిడ్జ్_దాటినోడు

లక్ష్మిగారూ, మా పెద్దమ్మ కూడా ఇలాగే ఆర్‌పీఎల్‌కి వెళ్లింది, నేనే తోడు వెళ్లాను. ముందు ఓరియంటేషన్ పెట్టారు. పరీక్ష రోజు గుడ్డ, కత్తెర, టేపు ఇచ్చి ఒక కొలత చెప్పారు. ఆవిడ టేపు మెళ్లో వేసుకుని, సుద్దతో నాలుగు గీతలు గీసి కత్తిరించేసింది. పరీక్షించేవాడు కుర్రాడు. "ఎంత మార్జిన్ వదిలారు, ఎందుకు వదిలారు చెప్పండమ్మా" అన్నాడు. అక్కడ ఆగిపోయింది. చేతికి తెలుసు, నోటికి తెలీదు. కాసేపాగి "తర్వాత లూజు చేసుకోవాలంటే కుట్టు విప్పడానికి ఉండాలి కదయ్యా" అంది. ఆ కుర్రాడు నవ్వి రాసుకున్నాడు. పాసైంది.

అందుకని మీరు చేసే పనిని నోటితో చెప్పడం కూడా ఇంట్లో ఒకసారి ప్రాక్టీస్ చేసుకుని వెళ్లండి. టెన్షన్ పడకండి.

డిగ్రీ_లెక్చరర్

దానికి ఒక మాట కలుపుతాను. క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో పని అనుభవానికీ వెయిటేజీ ఉంది. అనుభవాన్ని బట్టి కోర్సు క్రెడిట్లు గరిష్ఠంగా రెండింతల దాకా లెక్కపెట్టే వీలు పెట్టారు. లక్ష్మిగారూ, పని చేసినట్టు రుజువులు ఏవున్నా దాచుకోండి, ఆర్డర్ల పుస్తకం, స్కూళ్లకి కుట్టిన యూనిఫాం బిల్లులు, ఏవైనా సరే.

నిజంచెప్తా

నేను ఎందుకు ఇన్ని అనుమానాలు పడుతున్నానో చెప్పాలి. మా పిన్ని కూతురు ఒక సెంటర్‌లో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసింది. గోడలకి బోలెడన్ని ప్రభుత్వ లోగోలు ఉన్నాయి. ఫీజు కట్టడానికి పిన్ని చెవికమ్మలు కుదువ పెట్టింది. బంగారు రంగు అంచుతో పెద్ద సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటర్వ్యూలో అక్కడివాళ్లు క్వాలిఫికేషన్ కోడ్ ఏదని అడిగితే దాని మీద ఏ కోడూ లేదు, లెవెల్ కూడా లేదు. ఆ సెంటర్ ఇప్పుడు తలుపులు మూసేసింది. అందుకే ఎవరైనా సర్టిఫికెట్ మాట ఎత్తితే నాకు భయమేస్తుంది.

ఫైలింగ్‌మాస్టర్

మీ పిన్నిగారి కమ్మల మాట చదివి మనసు చివుక్కుమంది బాబూ. ఇలాంటివి నేనూ చాలా చూశాను.

చేరకముందే చూసుకోవడానికి ఒక చోటు ఉంది. నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ అని వెబ్‌సైట్. జాతీయ మండలి ఆమోదించిన ప్రతి కోర్సూ అందులో ఉంటుంది. కోర్సు పేరు, కోడ్, లెవెల్, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, ఆమోదం ఎప్పటివరకు చెల్లుతుంది, అన్నీ. ఆ చివరిది అందరూ వదిలేస్తారు. ఆమోదానికి గడువు ఉంటుంది. గడువు దాటాక అదే కోర్సులో పిల్లల్ని చేర్చుకుంటున్నారంటే అడగాల్సిందే.

సెంటర్‌కి వెళ్లినప్పుడు గోడ మీద లోగోలు చూడకండి. కోడ్ అడగండి. సెక్టార్ కౌన్సిళ్ల కోర్సు అయితే రంగానికి మూడక్షరాలు, 'క్యూ' అనే అక్షరం, నాలుగంకెలు ఉంటాయి. ఆ కోడ్ ఫోన్లో రిజిస్టర్‌లో కొట్టి చూడండి. వస్తే సరే, రాకపోతే లేచి వచ్చేయండి. 'అప్లై చేశాం, వస్తుంది' అంటే, 'వచ్చాకే చేరతాం' అనండి.

డబ్లిన్_తెలుగమ్మాయి

ఈ థ్రెడ్ చదువుతుంటే నాకు జరిగింది గుర్తొచ్చింది. ఐర్లాండ్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఒక ఫారంలో 'మీ అర్హత లెవెల్ ఎంత' అని ఉంది. అప్పటికి నేను పీజీ చేసి ఉన్నా. మన 7 వేద్దామనుకున్నా. పక్కనే ఉన్న సీనియర్ అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక్కడి చట్రం 2003లో వచ్చింది, పది మెట్లు. ఆనర్స్ డిగ్రీ 8, మాస్టర్స్ 9, పీహెచ్‌డీ 10. మన దగ్గర 8 అంటే పీహెచ్‌డీ, ఇక్కడ 8 అంటే డిగ్రీ! 7 అని రాసి ఉంటే నన్ను మామూలు డిగ్రీ దగ్గరే ఆపేసేవాళ్లు.

స్కాట్లండ్‌లో పన్నెండు మెట్లు, ఆస్ట్రేలియాలో పది. యూరప్ మొత్తానికి కలిపి 2008లో ఎనిమిది మెట్ల బద్ద ఒకటి పెట్టారు. దేశాలు తమ మెట్లని దానితో పోల్చి చూపిస్తాయి, అంటే అది ఒక రకంగా దుబాసీ పని చేస్తుంది. కాబట్టి బయటి దేశాలకి వెళ్లేవాళ్లు అంకె మాత్రమే రాయకండి, ఏ దేశం చట్రంలో ఆ అంకె అన్నది కూడా రాయండి.

తమ్ముడికోసం

అమ్మో, ఇంత విషయం ఉందా ఇందులో! ఇంకొక్కటి అడుగుతాను. తమ్ముడికి ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఈ లెవెల్ పనికొస్తుందా? ఇంటర్ అడిగిన చోట ఐటీఐ పెట్టొచ్చా?

బ్రిడ్జ్_దాటినోడు

అన్నా, నోటిఫికేషన్లో ఏ పదం ఉందో అదే చట్టం. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కి పదితో పాటు ఐటీఐ అడుగుతారు, సర్టిఫికెట్ జాతీయ మండలి ఎన్‌సీవీటీది అయినా, రాష్ట్ర మండలి ఎస్‌సీవీటీది అయినా ఫర్వాలేదు. విద్యుత్ పంపిణీ సంస్థల జూనియర్ లైన్‌మన్ పోస్టుకి పదితో పాటు ఎలక్ట్రికల్ ఐటీఐ గానీ, ఎలక్ట్రికల్‌లో ఇంటర్ ఒకేషనల్ గానీ అడిగారు. అక్కడ మీ తమ్ముడు ముందు వరసలో ఉంటాడు, మామూలు ఎంపీసీ ఇంటర్ పిల్లవాడికి అసలు అర్హతే లేదు. అదే 'ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత' అని మాత్రమే ఉన్న చోట మాత్రం ఇంటర్ కానీ, ఎన్ఐఓఎస్ పన్నెండు కానీ ఉండాలి.

అప్రెంటిస్‌షిప్ కూడా మర్చిపోకండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలో స్టయిపెండ్ తీసుకుంటూ పని నేర్చుకుని, చివర పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. నా బీటెక్ కన్నా ఆ ఏడాదే నాకు ఎక్కువ నేర్పింది.

నిజంచెప్తా

మాస్టారూ, మీరు చెప్పినట్టు రిజిస్టర్‌లో మా పిన్ని కూతురి కోర్సు పేరు వెతికాను. ఆ సెంటర్ పెట్టిన పేరుతో అసలు ఏ కోర్సూ లేదు. కానీ దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో కోపా అనే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్ ఉందని తెలిసింది, ఏడాది కోర్సు. అప్లికేషన్ వేయించాం. ఈసారి ముందు కోడ్ రాసుకున్నాకే వెళ్లింది.

తమ్ముడికోసం

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. నాన్న, తమ్ముడు, నేను ముగ్గురం కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం చదివాం. తమ్ముడు డిగ్రీ వద్దన్నాడు, పాలిటెక్నిక్ వెళ్తానన్నాడు. బ్రిడ్జ్ కోర్సు, ఎల్‌పీసెట్ వివరాలు కనుక్కున్నాం. నాన్నకి ఇంకా ఇంటర్ కాగితం మీద ఆశ చావలేదు, అందుకని ఎన్ఐఓఎస్ ఫారం కూడా తెచ్చాం. రెండూ ఒకేసారి చదవగలనని వాడు అంటున్నాడు.

పొద్దున ఐదింటికి లేచి లెక్కలు చేస్తున్నాడు. త్రికోణమితి దగ్గర ఆగిపోతున్నాడు. మాస్టారూ, వర్క్‌షాప్‌లో పెరిగిన పిల్లాడికి అది ఎలా చెప్పాలి?

ఫైలింగ్‌మాస్టర్

చాలా సంతోషం బాబూ. ఎలక్ట్రీషియన్‌కి త్రికోణమితి కొత్త కాదు, పేరు తెలియకుండా ఇప్పటికే వాడాడు. గోడకి నిచ్చెన ఆనించి బొమ్మ గీయమనండి. నిచ్చెన పొడుగు ఇంత, గోడకి ఇంత దూరంలో పాదం పెట్టాం, పైన ఎంత ఎత్తు అందుతుంది అని అడగండి. సైన్, కాస్, ట్యాన్ మూడూ ఆ ఒక్క బొమ్మలోంచే వస్తాయి. అది పట్టుబడ్డాక ఏసీ కరెంటు అల బొమ్మ చూపించండి, అది సైన్ గీతే. పవర్ ఫ్యాక్టర్ అని వాడు రెండేళ్లు చదివింది కాస్ విలువేనని చెప్పండి. లెక్కలు చేశాక ఫొటోలు తీసి ఇక్కడ పెట్టమనండి, రోజూ సాయంత్రం నేను దిద్దుతాను.

కుట్టుమిషన్_లక్ష్మి

మాస్టారూ, నాకు ఆర్‌పీఎల్ తేదీ వచ్చింది, వచ్చే గురువారం. క్వాలిఫికేషన్ ప్యాక్ మా అమ్మాయి చదివి వినిపించింది. 'మిషన్ దగ్గర భద్రత' అన్నచోట తప్ప మిగతా అన్నిటికీ జవాబులు చెప్పాను. సూది మార్చేటప్పుడు స్విచ్ ఆపాలని అందులో ఉంది. పదహారేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆపలేదు. నిన్నటి నుంచి ఆపుతున్నాను.